వంధ్యాత్వమును వినాళగ్రంథులును: ఇందూరు సీమనుండి యొక చరిత్ర

మన భాషలో గొడ్రాలు అను మాట కలదు. అట్టి స్థితిలోనే యున్న పురుషునికి చెల్లు మాట వాడుకలో లేదు. నిఘంటువులు వెదకువారికి వంధ్యుడను సంస్కృతరూపము దొరకవచ్చునుగాని, పెండ్లిపందిట గాని సీమంతపు పేరంటమున గాని దాని నుచ్చరించువా రెవ్వరును లేరు. ఈ లోటు భాషకు మాత్రమే చెందినది కాదు. సంతానము కలుగని యింట మొదటి ప్రశ్న కోడలిని అడుగుదురు; మొదటి యుపవాసము ఆమెచేతనే చేయింతురు; చెట్టుమందైనను తాయెత్తైనను ఆమెకే కట్టుదురు; తుదకు ఫలింపని నేరమును ఆమెమీదనే మోపుదురు. భర్తను ఒకసారి వైద్యునికడకు పొమ్మని చెప్పుటకు ఇంటి పెద్దలకు నోరు రాదు.

ఈ యాచారమునకు శాస్త్రాధారము కూడ పలికెడివారు. వంధ్యయైన భార్య యుండగా ఎనిమిదవ యేట వేఱొకతెను పరిగ్రహింపవచ్చునని మనుస్మృతి చెప్పినది. ఆ యెనిమిదేండ్ల గడువు నిరీక్షణకేగాని పరీక్షకు కాదు. మద్రాసు రాష్ట్రమున 1949లోను, దేశమందంతటను 1955నాటి హిందూ వివాహ శాసనముతోను రెండవ పెండ్లి నిషిద్ధమయ్యెను. శాసనము వచ్చినతోడనే మనస్సు మాఱునా? రెండవ పెండ్లి తగ్గినది. పుట్టింటికి పంపుట మిగిలినది.

అయినను మన ప్రాచీనులందఱును ఒకే తీరున ఆలోచించినవారు కారు. సుశ్రుతుడు శారీరస్థానమున గర్భోత్పత్తికి నాలుగు కావలెనని చెప్పెను: ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము. తగిన కాలము, దున్నిన నేల, నీరు, విత్తనము కూడినప్పుడు మొలక యెట్లు వచ్చునో గర్భమును అట్లే కలుగునని ఆయన పోలిక. దీనిలో శాపము లేదు, పాపము లేదు. నాలుగింటిలో లోపించిన దేదో వెదకి చూడవలెననుట మాత్రమే యున్నది. చరకుడును యోనివ్యాపత్తులను ఇరువది విధములుగ విభజించి ఒక్కొక్కదానికి చికిత్స చెప్పెను. అందులో నేటికి నిలుచునది కొంత, నిలువనిది కొంత. కాని వ్యాధిని వ్యాధిగ చూచుట మనకు పరదేశమునుండి వచ్చిన బుద్ధి కాదని చెప్పుట కింతమాత్రము చాలును.

సుశ్రుతుని పోలిక బోధను సీమ రైతునకు ఎవ్వరును విప్పి చెప్పనక్కఱలేదు. నిజామాబాదునకు పూర్వనామము ఇందూరు. మంజీరానదిపై 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తియైన నిజాంసాగరము ఈ మండలపు రూపమునే మార్చెను. వానను, చిన్న చెరువులను నమ్ముకొనియుండిన పొలములకు కాలువ నీరు వచ్చెను. కృష్ణా గుంటూరు మండలములనుండి రైతులు తరలివచ్చి కాలువల వెంట ఇండ్లు కట్టుకొనిరి. వారి యూళ్లు నేటికిని క్యాంపులనియే పిలువబడుచున్నవి. 1937లో బోధను చెంత నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమయ్యెను. దానిచుట్టు వెలసిన పేటయే శక్కర్‌నగరము. ఆసియాఖండమున మిక్కిలి పెద్ద కర్మాగారములలో నొకటిగ పేరొందిన దది. అంతకుముందు ఆ చేలు పండకపోవుటకు నేలను నిందించినవారుండిరేమో తెలియదుగాని, నవాబు అలీ నవాజ్ జంగు అను ఇంజనీరు నేలను నిందింపలేదు. నీరెక్కడ నిలిచిపోవుచున్నదో చూచెను.

చెరకు బోధనునకు వచ్చిన ఆ దశాబ్దముననే గర్భోత్పత్తిని గూర్చిన నూతనశాస్త్రమును పుట్టెను. రెంటికిని సంబంధమేమియు లేదు. కాని ఒక సీమ చరిత్రను వ్రాయునప్పుడు కాలువలను లెక్కించి కోడండ్రను విడిచిపెట్టుట న్యాయము కాదని తలంచి ఈ వ్యాసమున రెంటిని ఒకచోట నుంచుచున్నాను.

మన దేహమున కొన్ని గ్రంథులు నాళములు లేక తమ రసమును నేరుగ నెత్తురులో కలుపును. వానినే వినాళగ్రంథులందురు. 1905లో స్టార్లింగను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ రసములకు హార్మోనులని పేరు పెట్టెను. పేరు పుట్టకముందే చికిత్స పుట్టినది. 1891లో జార్జి మర్రే యను వైద్యుడు గొఱ్ఱె కంఠగ్రంథి సారమును, ఆ గ్రంథి యెండిపోయి మొద్దువాఱియుండిన యొక స్త్రీకి సూదిమూలమున నెక్కించెను. ఆమె తరువాత ఇరువదియెనిమిదేండ్లు బ్రదికెను. థైరాయిడని నేడు ఇంటింట వినబడు మాట యీ కంఠగ్రంథిదే. దాని రసము తక్కువైనచో ఋతుక్రమము తప్పును, అండము సకాలమున వెలువడదు, నిలిచిన గర్భమును జారిపోవచ్చును. నేడు ఒక చిన్న నెత్తురు పరీక్షతో ఇది తెలియును. ఉదయమున పరగడుపున మ్రింగు చిన్న మాత్రతో సర్దుకొనును. సంతానచికిత్సలలో ఇంత సులభమైనది వేఱొకటి లేదు. ఏండ్ల తరబడి వ్రతములు చేసి ఈ యొక్క పరీక్ష చేయించుకొనని కుటుంబములున్నవనుటయే విచారకరము.

అండము ఏనాడు వెలువడునో కూడ ఇరువదవ శతాబ్దము వఱకు వైద్యులకు సరిగ తెలియదు. ఋతుస్రావపు దినములలోనే అండము వచ్చునని చాలమంది తలంచుచుండిరి. జపానులోని నీగాటా పట్టణమున ఓగినో అను వైద్యుడు 1924లో, రాబోవు ఋతువునకు సుమారు రెండు వారములకు ముందు అండము వెలువడునని తేల్చెను. ఆస్ట్రియాలో క్నౌస్ అను వైద్యుడును 1928లో వేఱుగ నదే సంగతిని వెల్లడించెను. 1929లో స్త్రీరసమైన ఈస్ట్రోనును అమెరికాలో డాయిసీయు, జర్మనీలో బూటెనాంటును శుద్ధముగ వేఱుపఱచిరి. 1934లో గర్భమును నిలుపు ప్రొజెస్టిరోను దొరకెను. నిజాంసాగరపు కట్ట లేచుచుండిన ఆ పదేండ్లలోనే స్త్రీదేహపు నెలసరి లెక్క తొలిసారి సక్రమముగ చదువబడినదన్నమాట.

ఇక నేడు ఆడబిడ్డలను మిక్కిలిగ బాధించు వ్యాధి సంగతి. మన యిండ్లలో దీనిని నీటిబుడగలందురు. గర్భసంచిలో నీటిబుడగలున్నవట అని చెప్పుకొని తల్లులు కన్నీరు పెట్టుకొనుట వినుచునేయుందుము. ఈ మాటలో రెండు తప్పులున్నవి. అవి గర్భసంచిలో లేవు, అండాశయములలో నున్నవి. అవి బుడగలును కావు. ప్రతినెలయు కొన్ని అండపుటికలు పెరుగ నారంభించి, వానిలో ఒకటి పక్వమై పగిలి అండమును విడుచుట సహజక్రమము. ఈ స్థితిలో ఏదియు పక్వము కాక అన్నియు చిన్నవిగనే నిలిచిపోవును. యంత్రములో చూచువారికి అండాశయపు అంచున ముత్యాల పేరువలె కనబడునవి ఈ నిలిచిపోయిన పుటికలే. వానిని కోసి తీసివేయవలసిన గడ్డలని తలంచుట పొరపాటు.

1721లో ఇటలీ వైద్యుడు వల్లిస్నేరి ఒక పల్లెటూరి యువతిని వర్ణించెను. వివాహిత, కొంచెము స్థూలశరీర, బిడ్డలు లేనిది. ఆమె అండాశయములు పెద్దవై తెల్లగ మెఱయుచు పావురపు గ్రుడ్ల పరిమాణముననుండెనట. రెండు వందల యేండ్లవఱకు ఈ వర్ణన అట్లే పడియుండెను. 1935లో షికాగో నగరమున స్టెయిన్, లెవెంథాల్ అను ఇద్దఱు వైద్యులు ఏడుగురు స్త్రీల వృత్తాంతమును ప్రకటించిరి. ఋతువు అరుదుగ వచ్చుట, ముఖమున రోమములు మొలచుట, సంతానము లేకుండుట, అండాశయములు పెద్దవగుట వారిలో కనబడిన లక్షణములు. ఆ వైద్యులు ఉదరమును కోసి అండాశయములనుండి త్రికోణాకారముగ కొంత భాగమును తొలగించిరి. ఏడుగురికిని ఋతుక్రమము మరలివచ్చెను, ఇద్దఱు గర్భము ధరించిరి. ఎందువలన మేలు కలిగినదో ఆనాడు వారికి స్పష్టముగ తెలియదు. కోసినచోట పొరలు అంటుకొని కొందఱికి క్రొత్త కష్టము కలుగుటచేత, మందులు వచ్చిన పిమ్మట ఆ శస్త్రచికిత్స వెనుకబడెను. కాని సంతానము లేని స్త్రీలోని దోషమును రసముల యసమత్వముగ గుర్తించి దానికి ప్రత్యేకచికిత్స చేయవచ్చునని తెలిసినది అక్కడనే.

ఆ కాలమున హైదరాబాదు సంస్థానమున ధనముతో కొనదగినదంతయు గలిగిన యొక స్త్రీ యుండెను. ఆమెకును ఈ లోకములో దొరకనిది బిడ్డయే. తుర్కీ రాజవంశమున 1916లో పుట్టిన నీలోఫర్ 1931లో, అనగా నిజాంసాగరము పూర్తియైన యేటనే, ఏడవ నిజాము రెండవ కుమారుడైన మొఅజ్జం జాను వివాహమాడెను. ఆమె సౌందర్యమును గూర్చి వ్రాయనివారు లేరు. సంతానము కలుగలేదు. యూరపు ఖండపు వైద్యులను సంప్రదించెనని ఆమె జీవితము వ్రాసినవారు చెప్పుదురు. ఆమె దోషమేమో, దోషము ఆమెదేనో మనము నిర్ణయింపరాదు. ఆనాటి వైద్యుల చేతిలో అండమును పక్వము చేయు మాత్ర యొక్కటియు లేదన్నంత మాత్రమే నిశ్చయముగ చెప్పగలము. 1948లో భర్త వేఱొకరిని వివాహమాడెను. 1952లో విడాకులు జరిగెను.

ఆ దుఃఖము నడుమ 1949లో ఆమె దాసి రఫత్ ప్రసవవేదనలో తగిన వైద్యము లేక మరణించెను. ఇక నే రఫత్ కును అట్టి గతి పట్టరాదని నీలోఫర్ పట్టుపట్టగా, హైదరాబాదులో తల్లులకును శిశువులకును ఆమె పేర నాసుపత్రి వెలసెను. అది 1953లో తెఱవబడినది. నేటికిని తెలంగాణమున రోగియైన పసిబిడ్డను ఎక్కడికి తీసికొనిపోవలెనన్నచో నీలోఫరుకే యని చెప్పుదురు. ఇందూరు మండలమునుండి రాత్రివేళ బండ్లలో బయలుదేఱు తల్లులలో ఎందఱికి ఆ పేరు ఒక సంతానహీన రాజకుమారిదని తెలియునో!

మందు దొరకిన కథ మఱియు విచిత్రమైనది. 1956లో అమెరికాలోని సిన్సినాటి నగరపు మెర్రెల్ కంపెనీలో క్లోమిఫీను అను పదార్థము తయారయ్యెను. 1961లో గ్రీన్‌బ్లాట్ అను వైద్యుడు దానివలన అండము వెలువడుచున్నదని ప్రకటించెను. 1967లో దానికి ప్రభుత్వామోదము లభించెను. అది చేయుపని ఒక చిన్న మోసము. దేహములో స్త్రీరసము తక్కువైనదని మెదడునకు తోచునట్లు చేయును. అంతట పీయూషగ్రంథి తొందరపడి అండాశయమునకు గట్టి యాజ్ఞ పంపును. నిలిచిపోయిన పుటిక కదలును. అయిదు దినముల మాత్రలు, అల్పవ్యయము. కవలలు పుట్టు సంభావ్యత కొంత యెక్కువ.

మాత్రకు లొంగనివారికి పీయూషగ్రంథి యాజ్ఞారసమునే సూదిద్వారా ఇయ్యవలెను. అది ఎక్కడ దొరకును? ఋతువుడిగిన స్త్రీల మూత్రమున అది సమృద్ధిగ నుండును. అందులకై ఇటలీలోని క్రైస్తవ మఠములలో వృద్ధ సన్న్యాసినులను ఆశ్రయించిరి. వారినుండి సేకరించిన మూత్రమును శుద్ధిచేసి తీసిన మందుతో లునెన్‌ఫెల్డ్ అను వైద్యుడు చికిత్స చేసిన స్త్రీ 1962లో ఇజ్రాయేలు దేశమున బిడ్డను కనెను. బ్రహ్మచర్యవ్రతము పట్టిన వృద్ధస్త్రీలవలన లోకమునకు బిడ్డలు కలిగిరనుట ఏ పురాణకర్తకును తోచని కల్పన.

అట్టి మందునే కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయుడు ఉపయోగించెను. ఆయన శ్రమవలన 1978 అక్టోబరు 3వ తేదీన, ఇంగ్లండులోని మొదటి పరీక్షానాళికా శిశువు పుట్టిన డెబ్బది దినములకు, దుర్గ యను ముద్దుపేరుగల బాలిక జన్మించెను. ప్రభుత్వ విచారణసంఘము ఆయనను నమ్మలేదు, హేళన చేసెను; ఆయనను పరిశోధనకు సంబంధము లేని చోటికి బదిలీ చేసిరి. 1981 జూను 19న ఆయన ఆత్మహత్య చేసికొనెను. 1997లో ఆనందకుమార్ అను శాస్త్రజ్ఞుడు ఆయన కాగితములు పరిశీలించి, ఆయన చెప్పినది సత్యమని ప్రకటించెను. పదునాఱేండ్ల తరువాత!

ఈ చరిత్రలో తెలుగువాని హస్తమును కలదు. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమున నుండగా, ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. అంతకుముందు లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలోని మిల్లుకూలి గర్భిణుల రక్తహీనతను పరిశోధించుచు దాని జాడను కనుగొనియుండెను. 1991లో ప్రకటితమైన యొక గొప్ప పరీక్షవలన, వెన్నెముక సరిగ మూసుకొనని బిడ్డను ముందొకసారి కనిన తల్లులు గర్భమునకు ముందునుండి దీనిని తీసికొన్నచో అట్టి యనర్థము నూటికి 72 పాళ్లు తగ్గునని తేలెను. బిడ్డను కోరు ప్రతిస్త్రీకిని వైద్యులు మొదట వ్రాయు పసుపువన్నె చిన్న మాత్ర యదియే. వెన్నెముక ఏర్పడుట గర్భము నిలిచిన మొదటి నాలుగు వారములలోనే ముగియును గనుక, నెల తప్పిన తరువాత మొదలుపెట్టుట ఆలస్యము. సుబ్బారావు పేరు తెలియని యిండ్లలో గూడ ఆయన మందు అలమారలో నుండును.

చక్కెరసీమకు ఈ వ్యాధితో నొక బంధుత్వము కలదు. అది చెరకునుండి వచ్చునని ఎవ్వరును అపార్థము చేసికొనరాదు. బెల్లము తిన్నందున ఎవరికిని అండాశయము చెడదు. కాని 1980 ప్రాంతమునుండి తెలియవచ్చిన దేమనగా, ఈ స్త్రీలలో చాలమందికి ఇన్సులిను అను రసము తన పనిని సరిగ చేయలేకపోవుచున్నది. దేహము దాని నింకను ఎక్కువగ స్రవింపజేయును, ఆ యాధిక్యము అండాశయమును పురికొల్పి పురుషరసములను పెంచును, పుటికలు నిలిచిపోవును. కనుకనే ఇట్టి స్త్రీలకు ముందుముందు మధుమేహము వచ్చు భయము హెచ్చు. గర్భమునకు ముందే చక్కెర పరీక్ష చేయించవలెనని వైద్యులు చెప్పుట ఇందులకే. స్థూలకాయులు తమ బరువులో నూటికి అయిదు మొదలు పది పాళ్లు తగ్గించినచో, మందు లేకయే ఋతువు మరలివచ్చుట కలదు. సన్నగానున్న స్త్రీలకును ఈ వ్యాధి వచ్చును. వారిని ఆకలితో మాడ్చుట అవివేకము. బరువు మాట యెత్తి కోడలి కంచములోని మెతుకులు లెక్కించు అత్తగారి చేతికి వైద్యశాస్త్రము మఱొక కఱ్ఱ కారాదు.

మధుమేహమునకిచ్చు మెట్‌ఫార్మినును దీనికి వాడుట అందుచేతనే వ్యాపించినది. 2007లో 626 మంది స్త్రీలపై అమెరికాలో జరిగిన పరీక్షలో, బిడ్డను కనినవారు క్లోమిఫీనుతో నూటికి 22.5, మెట్‌ఫార్మినుతో 7.2 మాత్రమే. అది తోడు మందేగాని ముఖ్యమైన మందు కాదని తేలెను. తరువాత లెట్రోజోలు వచ్చెను. అది రొమ్ము క్యాన్సరునకు పుట్టిన మందు. 2001లో టొరంటో వైద్యులు దానివలన అండము వెలువడుచున్నదని చూపిరి. 2005లో దానివలన బిడ్డలకు అవయవదోషములు కలుగునేమోనని యొక సంశయము పుట్టెను; మఱుసటి సంవత్సరమే 911 మంది శిశువులను పరిశీలించి ఆ సంశయము నిలువదని కెనడావారు ప్రకటించిరి. అయినను 2011 అక్టోబరులో భారతప్రభుత్వము సంతానచికిత్సలో దాని వాడుకను నిషేధించెను. 2014లో 750 మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో లెట్రోజోలుతో నూటికి 27.5 మంది, క్లోమిఫీనుతో 19.1 మంది బిడ్డలను కనిరి. తరువాత మన దేశమున ఆ నిషేధము తొలగింపబడెను. నేడు ప్రపంచపు వైద్యసంఘముల మార్గదర్శకములలో ఈ వ్యాధికి అదియే మొదటి మందు. మందుచీటిపై క్యాన్సరు మందని చదివి భయపడి మానివేయు దంపతులు గలరు. వైద్యుడు రెండు నిమిషములు వివరించినచో తీరు భయమది. ఆ రెండు నిమిషములు చాలచోట్ల దొరకుట లేదు.

నిజామాబాదులో ఖలీల్‌వాడి యను వీథికి పోయినవారికి ఆసుపత్రుల పలకలు గోడలనే కప్పివేసినట్లుండును. బోధను, బాన్సువాడ, ఆర్మూరు, ఎడపల్లి పల్లెలనుండి వచ్చిన భార్యాభర్తలు చేతిలో పాత చీటీల సంచితో అక్కడ తిరుగుచుందురు. ఆ సంచిలో తఱచుగ భార్య పరీక్షలు పది యుండును, భర్తది ఒక్కటియు నుండదు. సంతానము లేని దంపతులలో సుమారు సగముమందియందు పురుషుని దోషమే కారణముగనో, తోడు కారణముగనో యున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పురుషుని పరీక్ష సూది లేనిది, నొప్పి లేనిది, ఒక పూటలో ముగియునది. దానిని చేయింపక భార్యకు నెలల తరబడి అండము పెంచు మందులిచ్చుట, విత్తనము చూడక చేనికి నీరు పెట్టుటయే. సుశ్రుతుడు బీజమును లెక్కలో విడువలేదు.

బీడీలు చుట్టు స్త్రీలు ఈ మండలమున మిక్కుటముగ గలరు. వారి కూలి వేయి బీడీల లెక్కన వచ్చును. పట్టణపు ప్రయాణమనిన ఆనాటి కూలి పోయినట్లే. అండము పెరుగుటను యంత్రముతో చూచుటకు ఒకే నెలలో మూడు నాలుగు మార్లు రమ్మన్నచో వారు రాలేరు. రెండవ నెలనే చికిత్స మానుకొందురు. మందు ఫలింపలేదని అందురు. మందు పూర్తిగ వాడబడలేదనుట సత్యము. 2015 డిసెంబరులో బోధను కర్మాగారము మూతపడి కార్మికులకు జీతములు నిలిచినప్పటినుండి శక్కర్‌నగరపు కుటుంబములకును ఇట్టి లెక్కయే వచ్చిపడినది.

నీటిబుడగలన్న మాట చేయు హాని ఇంకొకటి చెప్పవలెను. 2015-16నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటను నూటికి 3.2 కాగా, తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9. మన పొరుగు మరాఠ్వాడాలోని బీడు మండలమున చెరకు కొట్టు స్త్రీలను 2019లో మహారాష్ట్ర సంఘము పరిశీలింపగా, 82,000 పైచిలుకు మందిలో 13,000 పైచిలుకు మంది గర్భసంచి తీయించుకొన్నవారే. వారి కష్టమునకు కారణములు వేఱు, పనికి నాగా పెట్టిన జరిమానా యను భయము అందులో ముఖ్యము. కాని ఇచ్చటను అచ్చటను, ఋతువు బాధించినచో సంచి తీసివేయుమను ఆలోచన యొక్కటే. ముప్పది యేండ్లు నిండని స్త్రీకి నీటిబుడగల పేరు చెప్పి శస్త్రచికిత్స సూచించువారు కనబడినచో, ఆ గడప దిగి మఱొక వైద్యురాలి యభిప్రాయము తెలిసికొనుట ఆమె హక్కు.

ఈ సీమలో వ్యాధిని శాపముగ తలంచి తరువాత మానుకొన్న దృష్టాంతము కలదు. నిజామాబాదునకు సమీపముననున్న డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు 1915లో కుష్ఠరోగులకు ఆసుపత్రి నెలకొల్పెను. నర్సాగౌడను ఈ ప్రాంతపు దాత ధనమిచ్చెను. దేశమంతయు పాపఫలమని వెలివేసిన రోగులు అచ్చట మందు తిని, పనిచేసికొని మనుష్యులుగ బ్రదికిరి. సంతానహీనత కుష్ఠమువంటి ఘోరవ్యాధి కాదు, అంటునది కాదు. ఐనను పేరంటమునుండి వెలివేయుట మాత్రము దీనికింకను మానలేదు. బడాపహాడు దర్గాకో బాసర సరస్వతీ సన్నిధికో పోయి మ్రొక్కుకొనుటను నేను కాదనను. మనశ్శాంతి కలుగుచోటికి ఎవ్వరైనను పోవచ్చును. కాని బాసరలో అక్షరాభ్యాసమునకు వచ్చిన పిల్లల గుంపుమధ్య బిడ్డలేని స్త్రీని నిలిపి, నీ వెప్పుడు తెచ్చెదవని అడుగు బంధువుల నోటికి ఏ దేవతయు బాధ్యురాలు కాదు.

1978 తరువాత వచ్చిన ప్రయోగశాలా గర్భధారణ విధానము ఇప్పుడు నిజామాబాదు గోడలపై గూడ ప్రకటనలుగ వెలసినది. 2021లో చేసిన శాసనము అట్టి కేంద్రములకు రిజిస్ట్రేషనును తప్పనిసరి చేసెను. 2023లో సికిందరాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వపక్షమున నిట్టి కేంద్రము ప్రారంభింపబడెను. ఇది రసదోషమున్న ప్రతి స్త్రీకిని కావలసినది కాదు. కంఠగ్రంథి, ప్రొలాక్టిను, చక్కెర పరీక్షలు, భర్త పరీక్ష, ఆ తరువాత లెట్రోజోలు, అది తప్పినచో సూది మందులు. ఇవి జరిగిన మీదటనే ఆ మెట్టు. మొదటి మెట్టుమీదనే నిలబడినవారిని తుది మెట్టునకు లాగుకొనిపోవు వ్యాపారమును గూర్చి కుటుంబములు జాగ్రత్తపడవలెను. ఇల్లు కుదువపెట్టుటకు ముందు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: నాకు అండము వెలువడుటకు సులభమైన మందు ఎన్ని నెలలు ఇచ్చి చూచితిరి?

తుదకు ఈ మండలపు ప్రత్యేకమైన చిక్కు. ఇందూరు పల్లెలలో యువకులు వేలకొలదిగ దుబాయి, కువైటు, సౌదీ దేశములకు కూలికి పోవుదురు. పెండ్లియైన నెలకే విమానమెక్కి, రెండేండ్లకో మూడేండ్లకో సెలవుపై వత్తురు. ఆ పెండ్లికి అయిదేండ్లు నిండినవని ఊరు లెక్కించును. భార్యాభర్తలు కలిసియున్న నెలలు లెక్కించినచో అయిదాఱు కూడ రావు. సంవత్సరకాలము కలిసియుండియు గర్భము రానప్పుడే పరీక్ష అవసరమని, భార్యకు ముప్పదియైదేండ్లు దాటినచో ఆఱు నెలలకే యని వైద్యులందురు. మరి ఆమెను ఏ లెక్కన గొడ్రాలనిరి? అండము తెప్పించు మందు సామాన్యముగ ఆఱు ఋతుచక్రములవఱకు వాడి చూడదగినది. సెలవో రెండు నెలలు. కనుక భర్త రాకకు మూడు నెలలకు ముందే భార్య నెత్తురు పరీక్షలు ముగించుకొని, థైరాయిడు తక్కువైనచో మాత్ర మొదలుపెట్టి, ఫోలిక్ ఆమ్లము తీసికొనుచుండవలెను. భర్త దిగిన మొదటి వారమున, విందులకు పోవుటకు ముందు, తన పరీక్ష తాను చేయించుకొనవలెను. అట్లయినచో ఆ రెండు నెలలలో రెండు ఋతుచక్రములైనను వృథా కావు.